గ్రాంటు మామయ్య ట్రస్టు పేరున వస్తే ఆసుపత్రి ఎవరిదవుతుంది?

రాయలసీమ నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. నాలుగు మండలాల మహిళా పొదుపు సంఘాలు కలిసి పెట్టుకున్న సమాఖ్యకు ఆమె కార్యదర్శి. సంఘాలన్నీ 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద, అంటే అందరూ మ్యాక్స్ అనే చట్టం కింద రిజిస్టరైనవే. సభ్యులు 6,200 మంది. జ్వరానికో, గర్భిణి పరీక్షలకో యాభై కిలోమీటర్లు పోయి రోజు కూలి పోగొట్టుకోవడం భరించలేక, మూడు ఊళ్లలో చిన్న ఆరోగ్య కేంద్రాలు, వాటికి ల్యాబులు పెట్టుకోవాలని రెండేళ్లుగా అనుకుంటున్నారు.

ఒక కంపెనీ సీఎస్ఆర్ కింద, అంటే కంపెనీలు లాభంలో కొంత సమాజం కోసం ఖర్చు పెట్టాలన్న నిబంధన కింద, రూ.48 లక్షలు ఇస్తామంది. 30 లక్షలు పరికరాలకూ భవనం బాగుకూ, 18 లక్షలు జీతాలకూ నెలవారీ ఖర్చులకూ. అయితే సహకార సంఘానికి నేరుగా ఇవ్వడం కుదరదని, ఆ సొమ్ము ఖర్చు పెట్టేందుకు కేంద్ర ప్రభుత్వం దగ్గర నమోదై సీఎస్ఆర్-1 నంబరు తెచ్చుకున్న సంస్థ కావాలని చెప్పింది. ఆ నంబరు ఉన్నది ఆమె మేనమామ ట్రస్టుకు. ఆయన డాక్టరు. తండ్రి పోయాక ఆమెను చదివించింది ఆయనే. "డబ్బు నా ట్రస్టుకు రానీ, కేంద్రం మావాడి షెడ్డులో పెడదాం, మిగతాది నేను చూసుకుంటా" అన్నారాయన. అధ్యక్షురాలు, ఆమెకు పిన్ని వరుస, సంతకం పెట్టేయమంటున్నారు. చిన్న వయసు లీడర్లు మాత్రం "రేపు మనల్ని బయటికి పొమ్మంటే?" అని మినిట్స్ బుక్కులో సంతకం చేయలేదు. మార్చి 31 దాటితే డబ్బు పోతుందని కంపెనీ మనిషి తొందరపెడుతున్నాడు. అమెరికాలో ఉన్న ఊరివాళ్లు 12 లక్షలు ఆమె సొంత ఖాతాకే పంపుతామంటున్నారు. సహకార ఆసుపత్రులకు కేంద్ర ప్రభుత్వం గ్రాంటు ఇస్తోందని మరెవరో చెప్పారు. "మామయ్యను కాగితం అడిగితే ఆయన్ని అనుమానించినట్టు. అడక్కపోతే 6,200 మందికి ద్రోహం చేసినట్టు. నిద్ర పట్టడం లేదు" అని ముగించారు.

అమ్మా, మీ ఉత్తరంలో మూడు ముడులు ఒకదానిలో ఒకటి చిక్కుకున్నాయి. డబ్బు ఎవరి ఖాతాలో పడుతుంది, దాంతో కొన్న వస్తువు ఎవరిదవుతుంది, కేంద్రాన్ని నెలనెలా నడిపేదెవరు. మీ మామయ్య, పిన్ని, కంపెనీ మనిషి ముగ్గురూ ఈ మూడింటినీ ఒకే మాటగా మాట్లాడుతున్నారు. అందుకే మీకు ఊపిరాడటం లేదు. చట్టం వీటిని వేర్వేరుగా చూస్తుంది. మీరూ అలాగే విడదీస్తే మామయ్యతో మాట్లాడటం కూడా తేలికవుతుంది.

ముందు ఖాతా సంగతి. కంపెనీ మనిషి చెప్పింది నిజమే. సీఎస్ఆర్ సొమ్మును వేరే సంస్థ చేత ఖర్చు పెట్టించాలంటే అది సెక్షన్ 8 కంపెనీయో (లాభం పంచుకోని కంపెనీ), పబ్లిక్ ట్రస్టో, సొసైటీయో అయి ఉండాలి, ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ, 80జి గుర్తింపులు ఉండాలి. దానికి సీఎస్ఆర్-1 నంబరు ఉండాలి. కంపెనీ తాను పెట్టిన సంస్థ కాకపోతే ఇలాంటి పనిలో కనీసం మూడేళ్ల అనుభవం కూడా చూపాలి. మ్యాక్స్ సంఘం ఈ వరుసలో లేదు. మీలో లోపమేమీ లేదు, లాభం సభ్యులు పంచుకోగలిగే సంఘాన్ని చట్టం దాతృత్వ సంస్థగా లెక్కించదు, అంతే.

వస్తువు సంగతి దగ్గర మాత్రం చట్టం మీ పక్షాన ఉంది. ఈ మాట మీకెవరూ చెప్పినట్టు లేదు. 2021లో సవరించిన సీఎస్ఆర్ నిబంధనల్లో 7వ నిబంధన, 4వ ఉపనిబంధన చూడండి. సీఎస్ఆర్ సొమ్ముతో ఏర్పడిన ఆస్తి మూడు చోట్ల ఉండొచ్చంటుంది: సీఎస్ఆర్ నంబరున్న దాతృత్వ సంస్థ దగ్గర, ప్రభుత్వ సంస్థ దగ్గర, లేదా ఆ ప్రాజెక్టు లబ్ధిదారులు ఏర్పరచుకున్న స్వయం సహాయక బృందాలు, సమష్టి సంస్థల దగ్గర. ఈ మూడోది మీరే. అంటే డబ్బు మామయ్య ట్రస్టు ద్వారా ఖర్చయినా, ల్యాబు మిషన్లు, ఈసీజీ, ఫ్రిజ్, ఇన్వర్టరు మొదటి రోజునుంచే సమాఖ్య ఆస్తి రిజిస్టరులో ఉండొచ్చు. కంపెనీని అడగాల్సింది ఈ ఒక్క వాక్యం: "పరికరాలు 7(4) కింద లబ్ధిదారుల సమాఖ్య పేరున ఉంటాయని మీ మంజూరు లేఖలోనే రాయండి." తర్వాత బతిమాలి ఒప్పందంలో చేర్పించుకోవడం కంటే మంజూరు లేఖలో ఉండటం గట్టిది.

ఇదే నిబంధన మీ మామయ్య మాటలో ఒకదాన్ని కొట్టేస్తుంది. షెడ్డు మీ బావది, ప్రైవేటు మనిషి ఆస్తి. దాన్ని సీఎస్ఆర్ సొమ్ముతో బాగు చేయిస్తే ఆ గోడలు, టైల్సు, నీళ్ల ట్యాంకు ఎవరివి? పైగా ట్రస్టీ కొడుక్కి ట్రస్టు అద్దె కడితే, అది ఊళ్లో నడిచే అద్దె కంటే ఎక్కువని తేలితే, ట్రస్టు ఆదాయపు పన్ను మినహాయింపుకే ముప్పు. ఆడిటరు మొదట వేలు పెట్టేది ఇక్కడే. ఈ సంగతి మామయ్యకు మీరు చెప్పడం ఆయన మేలు కోరి చెప్పినట్టే అవుతుంది. మండల సమాఖ్య భవనంలో రెండు గదులో, వాడకంలో లేని పంచాయతీ భవనమో చూడండి. పంచాయతీదైతే తీర్మానం కాపీతో కనీసం ఐదేళ్ల లీజు రాయించుకోండి. సర్పంచి నోటిమాట మీద గోడలకు సున్నం కూడా వేయకండి.

మార్చి 31 గురించి. అది సగం నిజం. కంపెనీ బోర్డు దీన్ని కొనసాగుతున్న ప్రాజెక్టుగా ఈ ఆర్థిక సంవత్సరంలోనే ఆమోదిస్తే, ఖర్చు కాని సొమ్మును సంవత్సరం ముగిసిన 30 రోజుల్లో ప్రత్యేక ఖాతాలో వేసి తర్వాతి మూడేళ్లలో ఖర్చు పెట్టొచ్చు. అలా ఆమోదించకపోతేనే అది వేరే ప్రభుత్వ నిధికి పోతుంది. కాబట్టి మార్చి లోపు కావాల్సింది బోర్డు ఆమోదం. తొందరలో కొన్న మిషన్లు ఎలా ఉంటాయో చెప్పనా? కొటేషన్ మూడు రోజుల్లో తెప్పించి, పెట్టె విప్పకుండానే ఇన్‌స్టాలేషన్ రిపోర్టు మీద సంతకం తీసుకుంటారు. వారంటీ ఆ తేదీ నుంచే నడుస్తుంది. గది తయారై కరెంటు వచ్చేసరికి ఏడెనిమిది నెలలు కరిగిపోతాయి.

ఇక మీ ముందున్న దారులు.

ఒకటి, మామయ్య ట్రస్టు ద్వారానే వెళ్లడం, కానీ కంపెనీ, ట్రస్టు, సమాఖ్య ముగ్గురూ సంతకం చేసిన ఒప్పందంతో. అందులో తప్పక ఉండాల్సినవి: ఈ ప్రాజెక్టుకు ట్రస్టు పేరున వేరే బ్యాంకు ఖాతా, దానికి ట్రస్టీతో పాటు సమాఖ్య పంపిన ఒకరి సంతకం. ట్రస్టు మీ సంఘాలకు డబ్బు బదిలీ చేయకుండా తానే జీతాలు, బిల్లులు కట్టడం (బదిలీ చేస్తే లెక్కల్లో ట్రస్టుకే ఇబ్బంది). పరికరాలు అందిన రోజునే సమాఖ్యకు అప్పగింత పత్రం. కొనుగోళ్ల కమిటీలో మీ వైపు ఇద్దరు. ట్రస్టీలు మారినా, ట్రస్టు మూతపడినా ఏమవుతుందో ఒక పేరా. వేగంగా అయ్యేది ఈ దారే. ఇందులో ప్రమాదం ఆ ఒప్పందం రాయించుకోకపోవడంలోనే ఉంది.

రెండు, కంపెనీ మధ్యలో ఎవరినీ పెట్టకుండా తానే కొని ఇవ్వడం. సరఫరాదారుకు నేరుగా డబ్బు కట్టి పరికరాలు మీకు అప్పగించొచ్చు, చట్టం ఒప్పుకుంటుంది. ఆస్తి తగాదా అసలు రాదు. కానీ జీతాల 18 లక్షలు ఈ దారిలో రావడం కష్టం. ఇలాంటి చిన్న ఖర్చులు నెలనెలా చూసే ఓపిక కంపెనీలకు ఉండదు. సగం సగం చేయమని అడగొచ్చు: 30 లక్షల పరికరాలు కంపెనీ నేరుగా, 18 లక్షలు ట్రస్టు ద్వారా. మీ పరిస్థితిలో నాకు ఎక్కువ నచ్చేది ఇదే. మామయ్య బంధమూ నిలుస్తుంది, ఆయన మీద బరువూ తగ్గుతుంది.

మూడు, మీరే ఒక సొసైటీనో సెక్షన్ 8 కంపెనీనో పెట్టుకోవడం. మంచిదే, పెట్టుకోండి, కానీ అది ఈ గ్రాంటుకు పనికిరాదు. 12ఏ, 80జి, మూడేళ్ల అనుభవం కావాలి. ఇప్పుడు విత్తనం వేస్తే తర్వాతి గ్రాంటు నాటికి చేతికొస్తుంది. సమాఖ్య బోర్డు సభ్యులే అందులో మెజారిటీ ఉండేలా నియమావళి రాయించండి.

కేంద్ర ప్రభుత్వ గ్రాంటు అని మీరు విన్నది 2020 అక్టోబరులో జాతీయ సహకార అభివృద్ధి సంస్థ, అంటే ఎన్‌సీడీసీ, మొదలుపెట్టిన ఆయుష్మాన్ సహకార్ అయి ఉంటుంది. అది అప్పు. మహిళలు ఎక్కువగా ఉన్న సహకార సంఘాలకు వడ్డీలో ఒక శాతం రాయితీ ఉంటుంది, అయినా అసలు తిరిగి కట్టాలి. సంఘం బైలాలో వైద్య సేవల మాట ఉండాలి. మీవి పొదుపు, అప్పుల బైలాలు, కాబట్టి ముందు సవరణ కావాలి. పడకలున్న ఆసుపత్రి కడతామంటే ఆలోచించదగినదే. రోగికి రూ.50 ఫీజు తీసుకునే చిన్న ఆరోగ్య కేంద్రానికి అప్పు తేవద్దు.

అమెరికా డబ్బు విషయంలో ఖచ్చితంగా చెప్తున్నాను, మీ సొంత ఖాతాలోకి రానివ్వకండి. పంపేవాళ్లలో ఇంకా భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లెవరు, అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లెవరు అని ముందు అడగండి. భారత పౌరుడు తన సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరుడైతే, భారత సంతతివారికిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా, పుట్టింది మీ ఊళ్లోనే అయినా అది విదేశీ విరాళమే, విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, అంటే ఎఫ్‌సీఆర్ఏ వర్తిస్తుంది. మామయ్య ట్రస్టుకు ఆ రిజిస్ట్రేషన్ ఉందని రాశారు. అలాగైతే ఢిల్లీ ఎస్‌బీఐ ప్రధాన శాఖలో ట్రస్టుకున్న ఎఫ్‌సీఆర్ఏ ఖాతాకే రావాలి. 2020 సవరణ తర్వాత ఆ సొమ్మును మరో సంస్థకు బదిలీ చేయడం నిషేధం, పాలనా ఖర్చులు 20 శాతం దాటకూడదు. ట్రస్టు తానే నర్సు జీతం కట్టొచ్చు. మీ సమాఖ్యకు చెక్కు రాయకూడదు. ఊరివాళ్ల ప్రేమ పెద్దదే, కానీ మీ ఖాతాలో పడిన మరుక్షణం జవాబు చెప్పాల్సింది మీరొక్కరే.

ఇంతవరకూ చెప్పినవన్నీ కాగితాలతో తీరేవి. నన్ను ఎక్కువ కలవరపెట్టింది మీరు జతచేసిన లెక్కల కాగితం.

ఒక్కో కేంద్రానికి నెలకు 72,000 వేశారు. నర్సు 18,000, ల్యాబ్ టెక్నీషియన్ 16,000, వారానికి రెండు రోజులు వచ్చే డాక్టరుకు రోజుకు 3,000 చొప్పున 24,000, అద్దె, కరెంటు, రసాయనాలు వగైరా 14,000. మూడింటికి 2,16,000. రాబడి కింద సభ్యులందరూ నెలకు రూ.20 ఇస్తే 1,24,000, ఒక్కో కేంద్రానికి రోజుకు 25 మంది రోగులు రూ.50 చొప్పున 25 రోజులకు 93,750, మందులు, పరీక్షల మీద మిగిలేది 35,000. నెలకు 36,750 మిగులు చూపారు.

పొదుపు కంతుకే నూటికి ఎంతమంది వేళకు కడతారో మీకు నాకంటే బాగా తెలుసు. ఆరోగ్యపు ఇరవై రూపాయలు మొదటి ఏడు అరవై శాతం వస్తే గొప్ప: 74,400. రోగులు రోజుకు పన్నెండు మంది అనుకోండి: 45,000. బీపీ, షుగరు మాత్రలు ప్రభుత్వ గ్రామ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా ఇస్తుంటే మీ దగ్గర ఎవరు కొంటారు? మందులు, పరీక్షల మీద 17,000 వేయండి. మొత్తం 1,36,400. నెలకు 79,600 లోటు, ఏడాదికి 9,55,200. గ్రాంటులోని 18 లక్షలతో ఈ లోటు మాత్రమే పూడిస్తే 22 నెలలు నడుస్తుంది. అలా కాక మొదటి నెల నుంచి ఖర్చంతా గ్రాంటు మీద వేసి, సభ్యుల రూ.20 'తర్వాత చూద్దాం' అనుకుంటే తొమ్మిదో నెల నిండకుండానే అయిపోతుంది. అప్పుడు మొదలుపెట్టి వసూలు చేయబోతే ఒక్కరూ ఇవ్వరు. ఉచితంగా అలవాటైన దానికి డబ్బు అడగడం కంటే కష్టమైన పని ఊళ్లో లేదు.

అందుకని ఆకారం మార్చండి. ఒకటే పూర్తి కేంద్రం, ల్యాబు అక్కడే. మిగతా రెండు ఊళ్లలో నర్సు రోజూ ఉంటుంది, డాక్టరు వారానికొకసారి వస్తారు, నమూనాలు బైకు మీద ల్యాబుకు పోతాయి. నర్సులు ముగ్గురు 54,000, టెక్నీషియన్ ఒకరు 16,000, డాక్టరు పదహారు రోజులు 48,000, ఇతర ఖర్చులు 26,000. అంతా కలిపి 1,44,000. రోగులు కాస్త తగ్గినా లోటు 20 వేల దగ్గర నిలుస్తుంది. అది మీ సమాఖ్య మోయగలిగిన బరువు. ఏడాది గడిచాక ఏ ఊళ్లో రోగులు పెరిగారో చూసి రెండో కేంద్రాన్ని పెంచుకోవచ్చు. కంపెనీతో కూడా గ్రాంటు జీతాల వాటా మొదటి ఏడు ఎక్కువ, రెండో ఏడు తక్కువ ఉండేలా మంజూరు చేయించుకోండి.

కర్ణాటకలోని మల్లూరులో 1973లో సెయింట్ జాన్స్ వైద్య కళాశాల సాయంతో మొదలైన ఆరోగ్య సహకార సంఘం గురించి తెలుసుకుంటే మీకు ఉపయోగం. అక్కడ పాల సంఘం లీటరుకు కొన్ని పైసలు పక్కన పెట్టి ఆరోగ్య కేంద్రం నడిపింది. ఎవరూ విడిగా జేబులోంచి తీయాల్సిన పని లేకపోయింది. మీ సంఘాల్లోనూ రూ.20 విడిగా అడగకుండా నెలసరి పొదుపు మీటింగులోనే, అదే పుస్తకంలో ఇంకో గడిగా రాయించండి. కానీ పొదుపు సొమ్మును మాత్రం కేంద్రం లోటుకు తాకొద్దు. ఆ రెండూ కలిస్తే ఆసుపత్రితో పాటు సంఘమూ మునుగుతుంది. ఇంకో జాగ్రత్త: ఆ రూ.20కి బదులు "పెద్దాసుపత్రి ఖర్చు మేం ఇస్తాం" అని ఎక్కడా రాయకండి. అది బీమా వ్యాపారం కిందికి వస్తుంది, దానికి లైసెన్సు వేరు. సభ్యులకు ఓపీ ఫీజు తక్కువ, పరీక్షల్లో రాయితీ అని రాయండి చాలు. కేంద్రం మాత్రం సభ్యులు కానివాళ్లకూ తెరిచే ఉండాలి, సీఎస్ఆర్ సొమ్ము అందరి కోసం వచ్చింది.

పరికరాలు కొనేటప్పుడు ల్యాబు మిషన్ దగ్గర ఆగి ఆలోచించండి. రక్త పరీక్షల సెమీ ఆటో ఎనలైజరు ఓపెన్ సిస్టమ్‌దే తీసుకోండి. అంటే ఏ కంపెనీ రసాయనమైనా అందులో వాడొచ్చు. క్లోజ్డ్ సిస్టమ్‌ది తక్కువకు ఇస్తారు, తర్వాత రసాయనాల మీద రాబట్టుకుంటారు. రసాయనాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, మీ ఎండల్లో కరెంటు పోతే పాడైపోవచ్చు. కాబట్టి ఫ్రిజ్‌కూ మిషన్‌కూ బ్యాకప్, సరైన ఎర్తింగ్ కొటేషన్‌లోనే ఉండాలి. మూడేళ్ల సమగ్ర మరమ్మతు ఒప్పందం ధర కూడా ఇప్పుడే గ్రాంటులో కలపండి, రెండో ఏడు ఆ డబ్బు ఎవరూ ఇవ్వరు. బయటి ఊళ్లలో షుగరు పరీక్షకు తీసే రక్తం బూడిదరంగు మూత ట్యూబులోనే తీయాలని నర్సులకు నేర్పించండి. మామూలు ట్యూబులో తీసి మూడు గంటలు తిప్పితే రక్తకణాలే చక్కెరను తినేస్తాయి, ఉన్న షుగరు తక్కువగా కనిపిస్తుంది.

అనుమతులు: 2002 నాటి ప్రైవేటు వైద్య సంస్థల చట్టం కింద జిల్లా వైద్యాధికారి దగ్గర రిజిస్ట్రేషన్, కాలుష్య నియంత్రణ మండలి నుంచి వైద్య వ్యర్థాల అనుమతి, మందులు అమ్మితే ఫార్మసిస్టుతో ఔషధ లైసెన్సు. వ్యర్థాలు 48 గంటలకు మించి ఉంచకూడదు. శుద్ధి కేంద్రం బండి మీ ఊరికి ఏయే రోజుల్లో వస్తుందో అద్దె మాట్లాడకముందే కనుక్కోండి.

ఇప్పుడు మామయ్య. అమ్మా, మీరు ఆయనకు రుణపడి ఉన్నారు, అది చిన్న విషయం కాదు. అందుకే కాగితం తీసుకుని మీరొక్కరే వెళ్లకండి. ఒంటరిగా వెళితే అది మేనకోడలి అనుమానం అవుతుంది. నాలుగు సంఘాల బోర్డుల చేత ముందు తీర్మానం చేయించండి: "ఏ సంస్థ ద్వారా గ్రాంటు వచ్చినా త్రైపాక్షిక ఒప్పందం ఉండాలి." తీర్మానంలో ఎవరి పేరూ వద్దు. తర్వాత పిన్నిని వెంటబెట్టుకుని వెళ్లండి. "మామయ్యా, నువ్వున్నంత కాలం నాకు ఏ కాగితమూ అక్కర్లేదు. నీ తర్వాత ట్రస్టీలు ఎవరో, నా తర్వాత కార్యదర్శి ఎవరో మనకు తెలియదు. వాళ్లిద్దరి కోసం రాద్దాం" అనండి. ఆయన నొచ్చుకోవచ్చు. ఒకటి రెండు వారాలు ముభావంగా కూడా ఉండొచ్చు. షెడ్డు వద్దంటే బావ ఇంకా ఎక్కువ నొచ్చుకోవచ్చు. దానికి సిద్ధపడి వెళ్లండి. ఒప్పందానికి ఆయన అసలే ఒప్పుకోకపోతే రెండో దారిలో పరికరాల వరకే తెచ్చుకుని, ఒకే కేంద్రం సభ్యుల సొమ్ముతో చిన్నగా మొదలుపెట్టాల్సి వస్తుంది. జీతాల 18 లక్షలు పోతాయి. అది నష్టమే, కానీ ఆ కేంద్రం తాళం మీ దగ్గరే ఉంటుంది.

సంతకం పెట్టని ఆ చిన్న లీడర్ల మీద పిన్నికి కోపం ఉన్నట్టుంది. వాళ్లలో ఇద్దరిని కొనుగోళ్ల కమిటీలో వేయమని ఆమెకే చెప్పండి. కంపెనీకి రాయాల్సిన లేఖలో రెండే అడగండి: బోర్డు దీన్ని కొనసాగుతున్న ప్రాజెక్టుగా ఆమోదిస్తుందా, పరికరాలు 7(4) కింద సమాఖ్య పేరున ఉంచుతుందా. ఆ జవాబు రాతపూర్వకంగా వచ్చాకే మామయ్య ఇంటికి బయల్దేరండి.